అయిదు సముద్రాలు, ఒకే షెడ్డు

తొమ్మిది రోజుల్లో అయిదు సముద్రతీర పట్టణాలు చుట్టి, ఒక్క రాత్రి కూడా సముద్రం పక్కన పడుకోకుండా తిరిగొచ్చిన మొనగాడు ఈ భూగోళం మొత్తం మీద ఒక్కడే ఉన్నాడు. బస్సు డిపోలో డ్యూటీ చార్టులు రాసే షెడ్డు సారు. ఇందులో అబద్ధమేమీ లేదు. అంటే, మరీ ఎక్కువ లేదు. అయిదు పట్టణాలు నిజం. తొమ్మిది రోజులూ నిజమే, రానూపోనూ రైల్లో నడుం విరగ్గొట్టుకున్న నాలుగు రోజులు కలుపుకుంటే. 'ఒక్క రాత్రి కూడా' అన్న చోట మాత్రం కాస్త తేడా ఉంది. కచ్చితంగా చెప్పాలంటే ఒకే ఒక్క రాత్రి తేడా.

షెడ్డు సారుకు యాభై ఆరేళ్లు. అందులో ఇరవై ఏడేళ్లు ఒకే గదిలో గడిచాయి. డీజిల్ బంకుకూ టైర్ల కొట్టుకూ మధ్య ఇరుక్కున్న గది అది. కిటికీ తెరిస్తే పొగ, మూస్తే ఉక్క. అందుకని సగం తెరిచి ఉంచి రెండూ అనుభవించేవాడు. బల్ల నిండా పరిచిన చార్టులో అడ్డంగా గంటలు, నిలువుగా అరవై రెండు బస్సులు. ఏ బస్సు ఎప్పుడు బయల్దేరాలి, ఎవరు నడపాలి, ఎప్పుడు తిరిగి రావాలి, అన్నీ పెన్సిల్ రాతలే. మధ్యాహ్నం పన్నెండు లోపు వేళలకు నీలం పెన్సిల్, పన్నెండు దాటితే ఎర్ర పెన్సిల్. పొద్దునా సాయంత్రమా అని అక్షరాల్లో రాసే అలవాటు ఆ డిపోలో లేదు. అయిదున్నర నీలంలో ఉంటే డ్రైవర్ తిట్టుకుంటూ లేవాలి. ఎరుపులో ఉంటే ఈల వేసుకుంటూ ఇంటికి పోవచ్చు.

ఆయనకు షెడ్డు సారు అని పేరు పెట్టింది డ్రైవర్లే. చివరి ట్రిప్పుకు వెళ్లిన బస్సు ఆ రాత్రికి చివరి ఊళ్లోనే ఉండిపోయి, తెల్లారి మొదటి ట్రిప్పుగా తిరిగి రావడాన్ని నైట్ హాల్ట్ అంటారు. బస్సుకు అది విశ్రాంతి. డ్రైవర్‌కు మాత్రం పరాయి ఊరు, దోమలు, కుక్కి మంచం. నైట్ హాల్ట్ పడిన ప్రతివాడూ చార్టు గదికొచ్చి ఏదో ఒక కష్టం చెప్పుకునేవాడు. ఒకడికి నడుం నొప్పి. ఒకడికి చీకటంటే భయం. ఇంకొకడు, తను రాత్రి ఇంట్లో లేకపోతే తన కుక్క తిండి ముట్టదనీ, చిక్కి సగమైపోయిందనీ చెప్పి, సాక్ష్యంగా కుక్కనే తీసుకొచ్చాడు. ఆ చిక్కిపోయిన కుక్క గది గుమ్మంలో ఇరుక్కుపోతే నలుగురు మెకానిక్కులు కలిసి బయటికి లాగాల్సి వచ్చింది. భర్తలతో సరిపోక, ఆదివారాలు వాళ్ల భార్యలు షెడ్డు సారు ఇంటికే వచ్చి, ఆయన భార్య కుట్టుమిషన్ పక్కన కూచుని కళ్లొత్తుకునేవారు.

తల ప్రాణం తోకకొచ్చి, పదకొండేళ్ల కిందట ఒక రోజు ఆయన రబ్బరు తీసుకుని నైట్ హాల్టులన్నీ తుడిచేశాడు. మూడు నెలలు కిందామీదా పడి, అరవై రెండు బస్సులూ రాత్రి తొమ్మిదిన్నరకల్లా షెడ్డులో ఉండేట్టు చార్టు తిరగరాశాడు. అప్పట్నుంచీ ఆ డిపో బస్సు ఒక్కటీ బయట పడుకోలేదు. ఎక్కడికి పోయినా సరే, పొద్దుగూకితే షెడ్డు. మంచి చార్టు అంటే అదేనని ఆయన నమ్మకం. ఆ నమ్మకం చేతివేళ్లలోకి దిగిపోయిందని ఆయనకు తెలియదు.

ఈ ఏడాది తీసుకోకపోతే సెలవులు మురిగిపోతాయని డిపో మేనేజర్ బలవంతాన తొమ్మిది రోజులు మంజూరు చేశాడు. ఆ సాయంత్రం ఆయన ఇంటికొచ్చి, చెప్పులు విప్పుతూనే భార్యతో చెప్పాడు.

"తొమ్మిది రోజులు సెలవిచ్చారు."

"ఎవరికి?"

"నాకే."

ఆమె మిషన్ ఆపి కళ్లద్దాల మీంచి చూసింది. "ఏం తప్పు చేశారేంటి?"

ఆమె ముందుగదిలో కుట్టుపని చేస్తుంది. స్కూలు యూనిఫాములు, దిండు గలీబులు, చిరిగిన కోట్ల లైనింగులు. పొద్దున ఎనిమిదింటికి మిషన్ మీద కాలు పెడితే సాయంత్రం ఏడింటికి తీసేది. ఇరవై రెండేళ్లుగా ఆ ఇంట్లో టకటక తప్ప ఇంకో చప్పుడు లేదు. ఫ్యాను కూడా ఆ టకటకతో తాళం కలిపి తిరగడం నేర్చుకుంది.

"ఎక్కడికైనా పోదామా?" అన్నాడాయన. అలవాటు లేని మాట కావడంతో గొంతు కీచుమంది.

ఆమె చేతిలో కాలరు పూర్తిచేసి, దారం పంటితో తెంపింది.

"సముద్రం పక్కన ఒక రాత్రి పడుకోవాలండీ. అంతే. పగలంతా నేను చేసే చప్పుడే వింటున్నాను. నేను చెయ్యని చప్పుడు ఒకటి వింటూ నిద్రపోవాలి. మనకు తెలిసిన ఊరు వద్దు. తెలిసిన ఊరికి పోతే ఎవరో ఒకళ్లు జాకెట్టు సరిచెయ్యమని పట్టుకొస్తారు."

"ఓస్, అంతేనా" అన్నాడు షెడ్డు సారు. ఓస్ అన్నంత తేలిక కాదని తేలడానికి ఆయనకు పదహారు చిత్తుకాగితాలు పట్టాయి.

మొదటి అడ్డు వదినగారి రూపంలో వచ్చింది. ఆయన భార్యకు అక్క. ఊళ్లు చూడటంలో పండిపోయిన మనిషి. వెళ్లిన ప్రతి ఊళ్లోనూ ఒక అయస్కాంతపు బొమ్మ కొని ఫ్రిజ్‌కు అతికించడం ఆమెకు అలవాటు. ఆ బరువుకు ఫ్రిజ్ తలుపు తనంతట తనే తెరుచుకుని పాలు విరిగిపోతున్నాయని ఆమె భర్త పాతికేళ్లుగా మొత్తుకుంటున్నాడు. చెల్లెలు చెప్పిన మర్నాడే ఫోను చేసింది.

"ఏం మరిదిగారూ, షెడ్డు దాటుతున్నారట? గొడుగు దగ్గర పెట్టుకోమంటారా?"

"పెట్టుకోండి వదినగారూ. మీ మీద పిడుగు పడినా పడొచ్చు."

"సరేగానీ, ఏ ఊరు?"

"ఇంకా అనుకోలేదు. ఏదో ఒక ఊరు..."

"ఒక్క ఊరా! రెండు రోజులు రైల్లో కూచుని పోయి ఒక్క ఊరు చూసొస్తారా? ఎవరైనా వింటే నవ్విపోతారు. పెన్సిలుందా? మీకు లేకుండా ఎలా ఉంటుందిలెండి. రాసుకోండి."

వరసగా అయిదు ఊళ్లు చెప్పింది. ఒకదాంట్లో లైట్‌హౌసు, ఒకదాంట్లో పాతకోట, ఒకటి ఓడరేవు, ఒకటి నల్లరాళ్ల తీరం. అయిదోది చేపల పడవల జెట్టీ ఉన్న చిన్న ఊరు. అది తను కూడా చూడలేదట, చూసొస్తే చెప్పమంది. షెడ్డు సారు ఊళ్ల పేర్లు రాసుకోలేదు. ఒకటో రూటు, రెండో రూటు అంటూ అయిదు వరకూ వేసుకున్నాడు. ఫోను పెట్టేసి చూసుకుంటే కాగితం మీద సెలవు లేదు, డ్యూటీ ఉంది.

ఇక రోజూ డిపో నుంచి రావడం, భోజనాల బల్ల మీద కాగితాలు పరచడం. అప్పటికే కళ్లు మండుతుండేవి. పగలంతా అరవై రెండు బస్సులను కదిపిన బుర్ర, సాయంత్రం రెండు ప్రాణాలను అయిదు ఊళ్లు తిప్పలేక మొరాయించేది. ఆయన తింటూ లెక్కలు వేసేవాడు. ఒకసారి చెంచా అనుకుని పెన్సిల్‌తో మజ్జిగ కలుపుతుంటే భార్య చెయ్యి పట్టుకుని ఆపింది. కొత్త ప్రాంతం. ఏ ఊరికి ఏ ఊరెంత దూరమో తెలియదు. బండ్లు ఎప్పుడుంటాయో తెలియదు. అక్కడి బస్సు కంపెనీకి ఉత్తరం రాస్తే ఆరు కాగితాల టైంటేబుల్ పంపారు. అది జెరాక్సు కాపీ. అసలుదాంట్లో రంగులున్నాయో, మందం అక్షరాలున్నాయో, ఏమున్నా అన్నీ మాసి ఒకే నలుపైపోయాయి. వేళలున్నాయి గానీ అవి పొద్దునవో సాయంత్రానివో చెప్పే గుర్తు ఒక్కటీ లేదు.

ఇంకొకరైతే ఫోను చేసి కనుక్కునేవారు. షెడ్డు సారుకు నామోషీ అనిపించింది. ఇరవై ఏడేళ్లు చార్టులు రాసినవాడు ఒక టైంటేబుల్‌కు రంగులు వేసుకోలేడా? నీలం, ఎరుపు పెన్సిళ్లు చెక్కుకుని కూచున్నాడు. పోయిన బస్సు ఎప్పుడు తిరిగి రావాలో ఆయనకు కొట్టినపిండి. ఎనిమిదింబావుకు పోయిన బండి అయిదున్నరకు వెనక్కి బయల్దేరుతుంది, ఏడూనలభైకి షెడ్డు చేరుతుంది. కుదిరింది. నీలం, ఎరుపు, ఎరుపు. ఆరు కాగితాలూ ఒక సాయంత్రంలో పూర్తిచేసి, నాలుగు ముక్కల చాక్లెట్ తిన్న పిల్లాడిలా తృప్తిపడ్డాడు.

చార్టు ఆకారం కూడా అప్పుడే తేలింది. అయిదు ఊళ్లకూ నడిమధ్యన, తీరానికి లోపలగా, ఒక రైల్వే జంక్షన్ ఉంది. అక్కడి లాడ్జీలో గది. పొద్దున ఒక ఊరికి బయల్దేరడం, సాయంత్రం అదే గదికి తిరిగి రావడం. అయిదు రోజులు, అయిదు రూట్లు, ఒకే షెడ్డు.

ఆ కాగితం భార్య చేతికిచ్చి, బహుమతి ఇచ్చే రోజు స్టేజీ మీద నిలబడ్డ విద్యార్థిలా నిలబడ్డాడు.

ఆమె రెండుసార్లు చదివింది.

"రాత్రికెక్కడ?"

"జంక్షన్‌లో. పక్కాగా ఉంది."

"సముద్రం?"

"పగలంతా సముద్రమే. అయిదు రోజులకు కలిపి ముప్ఫై నాలుగు గంటల పదిహేను నిమిషాల సముద్రం."

"పడుకునేటప్పుడు అడుగుతున్నాను."

"పడుకున్నాక ఎవరికి వినపడుతుందోయ్?"

ఆమె కాగితం మడిచి బల్ల మీద పెట్టింది. పోట్లాడితే బాగుండేది. పోట్లాడలేదు. మిషన్ దగ్గరికి పోయి, దారం లేకుండానే కాసేపు తొక్కింది.

ఆ చప్పుడు ఆయనకు నిద్ర పట్టనివ్వలేదు. మర్నాడు రబ్బరు తీసుకుని మూడో రూటు దగ్గర జంక్షన్‌ను తుడిచాడు. అక్కడ ఓడరేవు ఊళ్లో ఒక రాత్రి పెడితే పోతుంది, పుట్టి మునగదు. 'నైట్' అని రాశాడు. హాల్ట్ అని రాయబోతుంటే వరసగా గుర్తొచ్చాయి: నడుం నొప్పివాడు, చీకటి భయంవాడు, గుమ్మంలో ఇరుక్కున్న కుక్క, కళ్లొత్తుకున్న భార్యలు. పరాయి ఊళ్లో గది దొరక్కపోతే? తెల్లారి బండి స్టార్టవకపోతే? నాలుగో రూటు మొత్తం తప్పుతుంది, అయిదోదీ పోతుంది, రైలూ పోతుంది. ఈమెకు ఒంట్లో బాగోకపోతే మందులన్నీ జంక్షన్ గదిలో ఉంటాయి. ఒక్క హాల్టుకు చార్టంతా ఊడిపోతుందని ఆయనకు తెలుసు. ఊడిన చార్టును ఎవరు తిరిగి కడతారో కూడా తెలుసు. ఆ ఓపిక ఇక తనలో లేదు. రాసిన సగం మాట తుడిచేశాడు. అలా మూడు కాగితాల మీద మూడుసార్లు రాశాడు, మూడుసార్లు తుడిచాడు. మూడోసారి కాగితానికి చిల్లు పడింది.

పదహారో కాగితమే ఆఖరుది. అందులోనూ ఒకే షెడ్డు.

"ఇది ఖాయం చెయ్యనా?" అని అడిగాడు తల పైకెత్తకుండా.

"చెయ్యండి" అంది ఆమె. "మీరూ అలసిపోయారు. అడిగీ అడిగీ నేనూ అలసిపోయాను. పోయి రావడమేగా."

బయల్దేరారు. రెండు రోజుల రైలు ప్రయాణంలో చెప్పుకోదగ్గదేమీ జరగలేదు, ఆయన రైలు ఆలస్యాన్ని ప్రతి స్టేషన్‌లోనూ నోటు పుస్తకంలో ఎక్కించడం తప్ప. జంక్షన్ లాడ్జీ గది గూడ్సు యార్డు వెనకాల ఉంది. రాత్రంతా వ్యాగన్లు ఒకదాన్నొకటి గుద్దుకుంటుంటే మంచం ఉలిక్కిపడేది. "ఇది నేను చెయ్యని చప్పుడే" అని ఆమె చీకట్లో అన్నప్పుడు నవ్వాలో వద్దో ఆయనకు తేలలేదు.

ఒకటో రూటు సమయానికి పోయారు, సమయానికి వచ్చారు. రెండో రూటూ అంతే. లైట్‌హౌస్ మెట్లు నూటపద్దెనిమిది ఎక్కి, పైన నాలుగు నిమిషాలు నిలబడి దిగారు. కింద బండి ఉందని. కోట దగ్గర గోడ నీడలో ఆమె కూచోబోతే, "లేవాలి, పదకొండు నిమిషాల్లో బండి" అన్నాడు. నల్లరాళ్ల దగ్గర ఆమె నీళ్లలో పాదాలు పెట్టింది. అప్పుడాయన ఒడ్డున నిలబడి వాచీ చూస్తున్నాడు.

"సముద్రం బాగుంది కదా?" అని గట్టిగా అడిగాడు.

"బాగుంది. మీ వాచీ కూడా బాగుంది. ఇద్దరూ తెగ కదులుతున్నారు."

నాలుగో రోజుకు ఇద్దరి కాళ్లూ పొంగాయి. బస్సుల్లో ఎదురెదురుగా నిద్రపోయేవాళ్లు. ఫోటోల్లో ఇద్దరి కళ్లూ మూసుకునే ఉన్నాయి. తను జీవితంలో ఏ డ్రైవర్‌కూ వరసగా నాలుగు రోజులు ఇంత బరువు డ్యూటీ వెయ్యలేదని షెడ్డు సారుకు ఒక మలుపు దగ్గర తట్టింది. తట్టిన వెంటనే నిద్ర పట్టింది.

అయిదో రోజు ఎనిమిదింబావు బండెక్కి జెట్టీ ఊరికి పోయారు. ఊరంటే ఒకటే వీధి. చివర జెట్టీ. పక్కన రెండంతస్తుల బస్టాండు, కింద టీ కొట్టు. ఉన్న ఒక్క లాడ్జీకి రంగులు వేస్తున్నారు, తలుపులకు తాళం. పడవలు, వలలు, చేపల బుట్టలు, అన్నీ ఒక గంటలో అయిపోయాయి. పదకొండూ ఇరవైకి ఒక బండి వెనక్కి పోతుంటే భార్య ఆశగా చూసింది. "అదెందుకు, అయిదున్నరది ఉందిగా. ఇవాళ నీకు ఎక్కువ సముద్రం వేశాను" అన్నాడు ఉదారంగా.

అయిదింటికి బస్టాండుకొచ్చి కూచున్నారు. అయిదున్నర అయింది. ఆరయింది. షెడ్డు సారు వాచీని చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. ఆరూనలభైకి టీ కొట్టామె బెంచీ కింద ఊడవడానికొచ్చి, కాళ్లు ఎత్తమంది.

"అయిదున్నర బండి ఆలస్యమా అమ్మా?"

"అయిదున్నరదా? అది పొద్దున్నే పోయింది కదండీ."

"సాయంత్రం అయిదున్నరది."

"సాయంత్రం ఏముంది? పొద్దున అయిదున్నర, పదకొండూ ఇరవై. రెండే. ఎనిమిదికొకటొస్తుంది. అది పడుకోడానికొస్తుంది."

షెడ్డు సారు జేబులోంచి టైంటేబుల్ తీశాడు. అయిదున్నర. ఎరుపు. తన చేత్తో వేసిన ఎరుపు. పోయిన బండి చీకటి పడేలోపు వెనక్కి రాకుండా ఉంటుందన్న ఊహే ఆయనకు రాలేదు. రాదు కూడా. ఈ దేశంలో ఏ చంటిపిల్లవాడైనా ఫోను చేసి అడిగి తెలుసుకునే సంగతి, ఇరవై ఏడేళ్ల అనుభవం ఉన్నవాడికి తెలియలేదు.

భార్య వైపు చూడటానికి ధైర్యం చాల్లేదు. ఆమె మాత్రం చెప్పులు విప్పి, పొంగిన కాళ్లు బెంచీ మీదికి చాపుకుంది.

ఎనిమిదీ పదికి బండొచ్చింది. దిగాల్సినవాళ్లు దిగారు. షెడ్డు సారు ఎక్కబోయాడు.

"ఎక్కుతారేంటి సార్? అయిపోయింది" అన్నాడు డ్రైవర్, మెడకు తువ్వాలు చుట్టుకుంటూ. నలభై దాటిన మనిషి. రోజంతా దుమ్ము తిన్న గొంతు.

"ఇది షెడ్డుకు పోదా?"

"షెడ్డా? దీనికి నైట్ హాల్ట్. పదేళ్ల నుంచీ ఇక్కడే పడుకుంటోంది. దీంతోపాటు నేనూ."

షెడ్డు సారు ఫుట్‌బోర్డు మీద కూలబడ్డాడు. అలా కూచోవడం ఆయన డిపోలో నేరం.

"ఈయనా బస్సుల మనిషే" అంది భార్య వెనకనుంచి, జాలిగా.

"అలాగా! డ్రైవరా?"

"చార్టు" అన్నాడు షెడ్డు సారు నీళ్లు నములుతూ. "డ్యూటీ చార్టు రాస్తాను. మా డిపోలో."

డ్రైవర్ తువ్వాలు చుట్టుకోవడం ఆపాడు. ఆయన్ని కిందనుంచి పైదాకా చూశాడు. తర్వాత ఆకాశం వైపు చూశాడు.

"దేవుడున్నాడు సార్" అన్నాడు.

నవ్వు మొదట ఆయన భార్యకే వచ్చింది. ఆపుకోలేక బెంచీ పట్టుకుంది. అయిదు రోజుల్లో అదే మొదటి నవ్వు. డ్రైవర్ కూడా నవ్వాడు. "మా చార్టాయన్ని ఎప్పటికైనా ఇలా తీసుకొచ్చి ఇక్కడ వదిలెయ్యాలని పదేళ్లుగా కలలు కంటున్నాను. ఆయన బదులు మీరొచ్చారు. ఎవరైతేనేం, జాతి ఒకటే."

"నేను నైట్ హాల్టులు తీసేసినవాణ్ణయ్యా!"

"తీసేశారా? అయితే ఆ చివరి ఊళ్లోవాళ్లు పొద్దున్నే ఆస్పత్రికి ఎలా పోతారు సార్?"

ఆ ప్రశ్న పదకొండేళ్లలో ఆయన గదికి ఎవరూ తీసుకురాలేదు. చివరి ఊళ్లవాళ్లకు బస్సే లేదు కదా, ఎలా తెస్తారు.

డ్రైవర్ జేబులోంచి తాళంచెవి తీశాడు. "పైన మా రెస్ట్ రూము. రెండు మంచాలు. కండక్టర్ వాళ్ల చెల్లెలింటికి పోతాడు. నేను బస్సులో పడుకుంటాను, వెనక సీటు నాకు అలవాటే. అమ్మగారు మెట్లు ఎక్కగలరా?"

"ఎక్కుతాను నాయనా" అంది ఆమె. అప్పటికే సగం ఎక్కేసింది.

గదిలో రెండు ఇనప మంచాలు, ఒక కుండ, గోడకు ఒక చార్టు. ఒకటే కిటికీ. కిటికీ కింద రోడ్డు, రోడ్డు అవతల పిట్టగోడ, పిట్టగోడ అవతల ఇంకేమీ కనబడని నలుపు. ఆ నలుపులోంచి చప్పుడు వస్తోంది.

"ఈ రొద పొద్దుటిదాకా ఆగదు. దుప్పటి చెవుల మీదుగా కప్పుకోండి" అని హెచ్చరించి డ్రైవర్ దిగిపోయాడు.

షెడ్డు సారు గోడ మీది చార్టు ముందు నిలబడ్డాడు. అలవాటుగా తప్పులు వెతికాడు. రెండు దొరికాయి. పెన్సిల్ తీశాడు. మందులు జంక్షన్‌లో ఉన్నాయి, తెల్లారితే పదకొండింటికి రైలు, బండి స్టార్టవకపోతే...

"పెన్సిల్ లోపల పెట్టండి" అంది భార్య కిటికీ దగ్గరి మంచం మీంచి, ఇటు తిరక్కుండానే.

పెట్టాడు. రెండో మంచం గట్టిదో కాదో చూద్దామని చొక్కా కూడా విప్పకుండా ఒక చివర కూచున్నాడు. ఆ తర్వాత ఆయనకు తెలిసింది కింద బస్సు హారన్ మోతే.

వెలుగు రాలేదింకా. ఆమె కిటికీ దగ్గర అలాగే కూచుని ఉంది. కళ్లు ఉబ్బి ఉన్నాయి. ముఖం మాత్రం ఉతికి ఆరేసిన గుడ్డలా తేటగా ఉంది.

"నిద్రపోలేదా?"

"పోయాను. మధ్యలో లేచాను. మళ్లీ పోయాను." కిటికీ వైపు తల తిప్పి అంది: "నేను కాలు కదపకపోయినా ఆ చప్పుడు ఆగలేదండీ."

ఆయన చెప్పులు వెతుక్కున్నాడు. అవి కాళ్లకే ఉన్నాయి.

మెట్లు దిగుతూ ఆమె అడిగింది. "నిజం చెప్పండి. ఇరవై ఏడేళ్లుగా రాస్తున్నారు, పొద్దునకూ సాయంత్రానికీ తేడా తెలియని మనిషి కాదు మీరు. కావాలనే ఎరుపేశారు కదూ?"

"బండి కదులుతోంది, ఎక్కు" అన్నాడాయన.

ఊరికొచ్చాక ఆమె ఈ సంగతి అక్కతో చెప్పింది. అక్కతో చెప్పాక ఇంకెవరితోనూ చెప్పాల్సిన పని ఉండదు. వారం తిరక్కుండా డిపోలో అరవై రెండు బస్సుల డ్రైవర్లూ ఒక్కొక్కరే ఏదో పని కల్పించుకుని చార్టు గదికి రావడం, "సార్, జెట్టీ ఊళ్లో దోమలెలా ఉన్నాయి?" అని అడగడం మొదలైంది.

ఈ కథ మొత్తం మొన్న షెడ్డు సారుకు ఆయన గదిలోనే, చార్టు ముందు, మొదటినుంచీ చివరిదాకా చదివి వినిపించడమైంది. ఆయన మధ్యలో ఒక్కసారి కూడా తల ఎత్తలేదు. అయిపోయాక రబ్బరు పొడి ఊది, కళ్లద్దాలు తుడుచుకున్నాడు.

"ఒక్క ముక్క నిజం కాదు. అయిదో రూటుకు మేం అసలు వెళ్లనే లేదు. ఆ రోజు ఆవిడకు కాళ్లు నొప్పులంటే జంక్షన్‌లోనే ఉండిపోయాం. ఆ ఊళ్లో జెట్టీ ఉందో లేదో కూడా నాకు తెలియదు" అన్నాడు.